చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ ఫాలో అవ్వడం ఎలా: మేరీవిల్, వారెన్స్‌బర్గ్ మనోళ్ళ కోసం

కాలేజీ బాస్కెట్‌బాల్ అనగానే అందరూ డ్యూక్, కెంటకీ, కాన్సస్ అంటారు, మార్చిలో ఆఫీసులో బ్రాకెట్, అంటే టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో ఊహించే చార్టు, నింపమంటే ఎవరో చెప్పిన పేర్లు నింపేసి పది డాలర్లు పోగొట్టుకుంటారు, అక్కడితో సరి. కానీ మనోళ్ళు మాస్టర్స్‌కి వచ్చేది ఎక్కువగా ఆ యూనివర్సిటీలకి కాదు కదా, నార్త్‌వెస్ట్ మిస్సోరి అనో సెంట్రల్ మిస్సోరి అనో వస్తారు, మేరీవిల్‌లోనో వారెన్స్‌బర్గ్‌లోనో నలుగురు కలిసి రూమ్ తీసుకుంటారు, రెండేళ్ళు క్లాసు, వంట, ఓపీటీ (చదువయ్యాక పని చేసే పర్మిషన్) టెన్షన్ అంటూ గడిపేసి డాలస్‌కి వెళ్ళిపోతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, రోజూ పక్కనుంచి నడిచి వెళ్ళే జిమ్‌లో నేషనల్ టైటిళ్ళు కొట్టిన టీమ్ ఆడుతోందని చాలామందికి తెలీనే తెలీదు. నార్త్‌వెస్ట్ బేర్‌క్యాట్స్ 2017, 2019, 2021, 2022 లో డివిజన్ టూ (కాలేజీ ఆటల్లో రెండో స్థాయి) టైటిల్ కొట్టారు, ఆరేళ్ళలో నాలుగు, అందులో 2018-19 సీజన్ అయితే 38 ఆడి 38 గెలిచారు. ఇది చదివేది కొత్తగా వచ్చినవాళ్ళయితే ఈ సీజన్ నుంచే మొదలెట్టండి, ఎలాగో నాకు తెలిసినంతవరకు చెప్తా.

ముందు ఒక మాట. చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్‌ని టీవీలో ఎన్‌బీఏ చూసినట్టు చూడటానికి వెళ్తే నిరాశే. గాల్లోకి ఎగిరి డంకులు తక్కువ, స్టార్లు లేరు, కామెంటరీ ఏ స్టూడెంటో చెప్తుంటాడు. ఇక్కడ చూడాల్సింది ఆట ప్లస్ ఆ హాలు, రెండూ కలిపి. మీరు అరిస్తే ఫ్రీ త్రో (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్) వేసేవాడికి వినపడుతుంది, కోచ్ తిట్టేది మీకు వినపడుతుంది, అంత దగ్గర. ఇరవై వేల మంది స్టేడియంలో మీరు ఉన్నా లేకపోయినా ఏమీ మారదు, ఇక్కడ మీ రూమ్మేట్స్ నలుగురు వచ్చి ఒక మూల నిలబడితే ఆ మూల సౌండే మారిపోతుంది.

డివిజన్ల గొడవ త్వరగా చెప్పేస్తా. కాలేజీ ఆటలు నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ, అందులో మూడు డివిజన్లు. పెద్దవాళ్ళు డివిజన్ వన్. డివిజన్ టూలో సుమారు 300 కాలేజీలు, వీళ్ళకి స్కాలర్‌షిప్ ఉంటుంది కానీ మెన్స్ బాస్కెట్‌బాల్‌కి మొత్తం కలిపి 10 ఫుల్ స్కాలర్‌షిప్‌ల విలువ వరకే, దాన్ని ముక్కలు చేసి పంచుకుంటారు, అంటే మీ పక్కన కూర్చునే ఆరున్నర అడుగుల అబ్బాయి సగం ఫీజు సొంతంగా కడుతూ ఉండొచ్చు. డివిజన్ త్రీలో 400 పైన కాలేజీలు, అక్కడ ఆట పేరు మీద స్కాలర్‌షిప్పే లేదు, చదువుకుంటూ ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళే. వీటికి విడిగా ఎన్‌ఏఐఏ అని ఇంకో సంస్థ, చిన్న చిన్న ప్రైవేట్ కాలేజీలు ఎక్కువ, వాళ్ళ టోర్నమెంట్ 1937 లో కాన్సస్ సిటీలో మొదలైంది, ఎన్‌సీఏఏ టోర్నమెంట్ కంటే రెండేళ్ళు ముందు. ఆ మొట్టమొదటి టైటిల్ ఎవరు గెలిచారనుకున్నారు, మన వారెన్స్‌బర్గ్ సెంట్రల్ మిస్సోరి వాళ్ళే, మళ్ళీ 1938 లో కూడా వాళ్ళే. 1984 లో అయితే సెంట్రల్ మిస్సోరి మెన్స్, విమెన్స్ రెండు టీములూ ఒకే ఏడాది డివిజన్ టూ ఛాంపియన్లయ్యాయి. మెన్స్ టీమ్ పేరు మ్యూల్స్, విమెన్స్ టీమ్ పేరు జెన్నీస్, కంచర గాడిదలన్నమాట, నవ్వుకోండి పర్లేదు కానీ అక్కడ టీషర్ట్ వేసుకుని గర్వంగా తిరుగుతారు.

ఏ టీమ్‌ని పట్టుకోవాలి అంటే ర్యాంకింగ్ చూసి కాదు, కారు లేకుండా వెళ్ళగలిగే టీమ్‌ని పట్టుకోండి. జనవరిలో మేరీవిల్ గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, రైడ్ అడుక్కుని నలభై మైళ్ళు వెళ్ళి చూసే టీమ్ రెండు మ్యాచ్‌లకే అయిపోతుంది. నడిచి వెళ్ళేది అయితే అసైన్‌మెంట్ సబ్మిట్ చేసి సెకండ్ హాఫ్‌కైనా వెళ్ళొచ్చు. మీ కాలేజీ వాళ్ళు బాగా ఆడకపోయినా అదే మీ టీమ్, ఓడిపోయే టీమ్‌ని ఫాలో అవ్వడంలో కూడా ఒక మజా ఉంది, పైగా ఖాళీ సీట్లు ఎక్కువ. నార్త్‌వెస్ట్ కూడా ఎప్పుడూ ఇలా లేదు, ఆ టైటిళ్ళప్పటి కోచ్ బెన్ మెక్‌కాలమ్ అదే కాలేజీలో ఆడినవాడు, 2009 లో కోచ్ అయ్యాక మొదటి రెండు సీజన్లు గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. అప్పుడు వచ్చి కూర్చున్నవాళ్ళకే తర్వాత వచ్చిన టైటిళ్ళ రుచి అసలు తెలిసుంటుంది అని నా అభిప్రాయం.

షెడ్యూల్ ఎలా చదవాలంటే, అక్టోబర్ చివర్లో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఉంటాయి, ఇవి లెక్కలోకి రావు కానీ ఒక్కోసారి పెద్ద టీమ్‌తో పడతాయి. 2019 అక్టోబర్‌లో నార్త్‌వెస్ట్ వాళ్ళు డ్యూక్ మీద, వాళ్ళ సొంత కామెరాన్ ఇండోర్ స్టేడియంలో, 69-63 వరకు లాక్కొచ్చి ఓడారు, ఆ స్కోరు గురించి మేరీవిల్‌లో ఇంకా మాట్లాడుకుంటారు. నవంబర్‌లో అసలు సీజన్ మొదలు, కొద్దివారాలు బయటి టీములు, తర్వాత కాన్ఫరెన్స్ (మన కాలేజీ ఉండే లీగ్) మ్యాచ్‌లు, మార్చి మొదట్లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్, ఆ తర్వాత నేషనల్ టోర్నమెంట్. మామూలుగా వారం మధ్యలో ఒకటి, శనివారం ఒకటి పడతాయి, చాలాసార్లు డబుల్ హెడర్, అంటే ముందు విమెన్స్ మ్యాచ్ సాయంత్రం అయిదున్నరకి, తర్వాత మెన్స్ మ్యాచ్ ఏడున్నరకి అలా. నా సలహా ఏంటంటే విమెన్స్ మ్యాచ్ మూడో క్వార్టర్‌కల్లా లోపల ఉండండి, మంచి చోటు దొరుకుతుంది, ఒంట్లో చలి దిగుతుంది, పైగా ఆ మ్యాచ్ కూడా చూడదగ్గదే, ఊరికే సీటు కోసం చూస్తున్నట్టు ఫోన్ పట్టుకు కూర్చోకండి.

ఇంకో చిన్న తికమక. నార్త్‌వెస్ట్, సెంట్రల్ మిస్సోరి రెండూ ఆడే కాన్ఫరెన్స్ పేరు ఎంఐఏఏ, మిడ్ అమెరికా అన్నమాట. సరిగ్గా అదే ఎంఐఏఏ పేరుతో మిషిగన్‌లో ఇంకో కాన్ఫరెన్స్ ఉంది, అది డివిజన్ త్రీ. గూగుల్‌లో ఎంఐఏఏ స్టాండింగ్స్ అని కొడితే హోప్, కాల్విన్ అని ఏవో పేర్లు వస్తే భయపడకండి, రాంగ్ ఎంఐఏఏ అది. ఆ హోప్ కాల్విన్ గురించి కింద చెప్తా, అదో కథ.

రూల్స్ మొత్తం నేర్చుకోనక్కర్లేదు, ఇవి తెలిస్తే చాలు. మెన్స్‌లో ఇరవై నిమిషాలవి రెండు హాఫ్‌లు, విమెన్స్‌లో పది నిమిషాలవి నాలుగు క్వార్టర్లు. మెన్స్‌లో బంతి చేతికొచ్చాక 30 సెకన్లలో షాట్ వెయ్యాలి. ఒక ప్లేయర్‌కి అయిదు ఫౌల్స్ పడితే బయటికి. ఎక్కువమందికి అర్థం కానిది బోనస్. ఒక హాఫ్‌లో ఒక టీమ్ ఆరు ఫౌల్స్ వరకు చేస్తే షాట్ వేసేటప్పుడు చేసిందైతే తప్ప ఫ్రీ త్రో ఉండదు, ఏడో ఫౌల్ నుంచి వన్ అండ్ వన్, అంటే మొదటిది పడితేనే రెండోది వేసే ఛాన్సు, పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయం. స్కోర్‌బోర్డు మీద టీమ్ పేరు పక్కన చిన్నగా బోనస్ అని వెలిగేది ఇదే. ఆట చివర్లో ఓడిపోతున్న టీమ్ కావాలని ఎందుకు ఫౌల్ చేస్తోందో ఇది తెలిస్తే అర్థమవుతుంది, గడియారం ఆగుతుంది, వాడు మిస్ అయితే బంతి మనది. కొత్తవాళ్ళు చివరి రెండు నిమిషాలు పావుగంట పట్టడం చూసి విసుక్కుంటారు, కానీ అసలు గోలంతా అప్పుడే.

ఆ వన్ అండ్ వన్ క్షణం ఒకటి చెప్పాలి. ఊహించుకోండి, మనం 66, వాళ్ళు 68, నలభై సెకన్లు ఉన్నాయి, వాళ్ళ ప్లేయర్ ఫ్రీ త్రో లైను దగ్గర నిలబడ్డాడు, బుట్ట మన స్టూడెంట్ సెక్షన్ వైపే ఉంది. వాడు బంతిని రెండుసార్లు కొట్టి చేతిలో తిప్పేవరకు మనోళ్ళు ఊరికే గుయ్ మంటుంటారు, మోకాళ్ళు వంచగానే ఒక్కసారిగా చేతులూపుతూ, ఎగురుతూ, నోటికొచ్చిన అరుపు, ఎవడో ఒకడు అట్టముక్క మీద పెద్ద తలకాయ బొమ్మ పట్టుకుని ఊపుతుంటాడు. బంతి రిమ్‌కి తగిలి పైకి లేస్తుంది చూడండి, అప్పుడు అందరికీ ఊపిరి ఆగుతుంది, బయటికి పడిందంటే రెండో ఛాన్సే లేదు, రీబౌండ్ మనది, పైన బెంచీలు దడదడలాడతాయి. అరిస్తే నిజంగా మిస్ అవుతారా అంటే నాకు పెద్ద నమ్మకం లేదు, మంచి షూటర్ దేనికీ బెదరడు. కానీ మిస్ అయినప్పుడు ఆ మిస్‌లో మీకూ వాటా ఉందనిపిస్తుంది, ఆ ఫీలింగ్ కోసమే ఫిబ్రవరిలో మంచు తొక్కుకుంటూ వెళ్ళేది.

ఎక్కడ కూర్చోవాలి అంటే మూడు రకాల చోట్లు ఉంటాయి. స్టూడెంట్ సెక్షన్‌లో అసలు కూర్చోరు, నిలబడటమే, చాలా కాలేజీల్లో మన టీమ్ మొదటి బాస్కెట్ వేసేదాకా మిగతా జనం కూడా నిలబడే ఉంటారు, ఎందుకు నిలబడ్డారో తెలీక మీరొక్కరే కూర్చుంటే వెనకాల పెద్దావిడ భుజం తడుతుంది. రెండోది బెంచీ వెనకాల, అక్కడ కోచ్ మాటలు వినపడతాయి, ఆట నేర్చుకోవాలంటే ఇదే బెస్ట్, టైమ్‌అవుట్‌లో చిన్న బోర్డు మీద మార్కర్‌తో గీసేది కూడా కనపడుతుంది. మూడోది పాతకాపుల చోటు, మిడ్ కోర్టు దగ్గర కొంచెం పైన, ఊళ్ళో రిటైరైన వాళ్ళు, సీజన్ టికెట్ వాళ్ళు ఉంటారు, ఏళ్ళ తరబడి అదే సీటు, సీటుకి మెత్తటి కుషన్ కూడా తెచ్చుకుంటారు. ఒక మ్యాచ్‌కైనా వాళ్ళ పక్కన కూర్చోండి, ఎక్కడినుంచి వచ్చావు, ఏం చదువుతున్నావు అని మొదలెట్టి ఎనభైల్లో ఆడిన సెంటర్ ప్లేయర్ గురించి చెప్పుకుంటూ పోతారు, ఏడాదంతా వాల్‌మార్ట్‌లో హాయ్ తప్ప లోకల్ వాళ్ళతో మాట్లాడని మనవాళ్ళకి ఇంతకంటే సులువైన దారి లేదు. కానీ వాళ్ళ సీట్లో మాత్రం కూర్చోకండి, నంబర్ లేకపోయినా అది వాళ్ళదే.

టికెట్ విషయానికొస్తే చాలా చిన్న కాలేజీల్లో స్టూడెంట్ ఐడీ చూపిస్తే ఫ్రీ, వెళ్ళేముందు మీ కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లో చూసుకోండి. బ్యాగు తీసుకెళ్తే ఆపుతారేమో కూడా చూసుకోండి. డ్రెస్ కోడ్ ఏమీ లేదు, టీమ్ రంగు వేసుకుంటే చాలు, నార్త్‌వెస్ట్‌కి గ్రీన్, సెంట్రల్ మిస్సోరికి రెడ్. వైట్ అవుట్, బ్లాక్ అవుట్ అని ఏదైనా ప్రకటిస్తే ఆ రంగు. కొత్త జెర్సీ కొననక్కర్లేదు, స్టూడెంట్ సెక్షన్‌లోకి విసిరే టీషర్టులు ఒక సీజన్‌కి సరిపడా దొరుకుతాయి. జాకెట్ బరువుగా ఉంటుంది, లోపల వేడి, సీటు కింద పెట్టుకోవాలి, పాప్‌కార్న్ వెన్న మరకలు ఖాయం, కాబట్టి మంచి జాకెట్ వద్దు. తినడానికి పాప్‌కార్న్, నాచోస్, హాట్ డాగ్, ఇంకా మిడ్‌వెస్ట్‌లో వాకింగ్ టాకో అని ఒకటి అమ్ముతారు, చిప్స్ ప్యాకెట్ పక్కకి చింపి అందులోనే మాంసం, చీజ్ వేసి ఫోర్క్ గుచ్చి ఇస్తారు. అందులో వేసేది మామూలుగా బీఫ్, తినని వాళ్ళు ముందే అడగండి. వేడి వేడిగా చేతిలో పట్టుకుని తిరుగుతూ తినొచ్చని దానికా పేరు.

అరవడంలో కొన్ని మర్యాదలున్నాయి. మన దగ్గర ఫస్ట్ డే ఫస్ట్ షో అలవాటు కాబట్టి గొంతు సమస్య కాదు, విజిలే సమస్య. నోట్లో వేళ్ళు పెట్టి వేసే విజిల్ కొన్నిసార్లు రెఫరీ విజిల్ లాగే వినపడుతుంది, ప్లేయర్లు ఆట నడుస్తుండగా ఆగిపోతారు, వెంటనే ఎవరో వచ్చి ఆపమంటారు. బూరలు, గంటలు లాంటివి కూడా చాలా చోట్ల ఒప్పుకోరు. తప్పట్లు, అరుపులు, కాళ్ళతో బెంచీలు తొక్కడం ఎంతైనా ఓకే. డిఫెన్స్ అని రెండు ముక్కలుగా అరవడం, బంతి దేనికీ తగలకుండా కింద పడితే ఎయిర్‌బాల్ అని రాగం తియ్యడం, ఇవి ఒక్క మ్యాచ్‌లో వచ్చేస్తాయి. ఎదుటి టీమ్ ప్లేయర్ పేరు పెట్టి అరవొచ్చు, వాడి ఆట గురించి అరవొచ్చు, కానీ ఇంట్లోవాళ్ళ జోలికి, ఒళ్ళు, రంగు జోలికి వెళ్ళకూడదు, గట్టిగా తిట్టేముందు ఒక్కసారి చుట్టూ చూసుకోండి, మీ ముందు వరసలో కూర్చున్నది వాడి అమ్మానాన్నలే అయ్యుంటారు, నాలుగ్గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చుంటారు. తెలుగులో అరిస్తే ఎవరికీ తెలీదు కదా అనుకునేవాళ్ళు కూడా ఉంటారు, కొట్రా కొట్రా అన్నంతవరకు ఫర్వాలేదు, అంతకు మించి వద్దు, ఎదుటి కాలేజీలోనూ మనోళ్ళుంటారు. మ్యూల్స్, బేర్‌క్యాట్స్ మ్యాచ్ అంటే రెండు వైపులా తెలుగు వినపడే ఛాన్సుంది, నేనైతే దాన్ని తెలుగు డెర్బీ అంటాను, ఇంకెవరూ అనరులెండి.

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇది, ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా చెప్తున్నా. డిసెంబర్ మధ్యలో ఎగ్జామ్స్ అయిపోగానే అమెరికన్ స్టూడెంట్స్ అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు, జనవరి రెండో మూడో వారం దాకా రారు. కానీ బాస్కెట్‌బాల్ సీజన్ ఆగదు, క్రిస్మస్‌కి కొద్దిరోజులు గ్యాప్ ఇచ్చి మళ్ళీ మొదలెడతారు. అప్పుడు జరిగే హోమ్ మ్యాచ్‌లకి స్టూడెంట్ సెక్షన్ ఖాళీ, ఊరి పెద్దలు మాత్రమే ఉంటారు, బ్యాండ్ కూడా సగమే. ఊళ్ళో ఎవరు మిగులుతారు, మనమే. టికెట్ రేట్లు చూసి ఇండియా వెళ్ళలేక, రూమ్‌లో మ్యాగీ తింటూ హీటర్ పక్కన కూర్చున్న మనోళ్ళే ఆ ఊళ్ళో మిగిలిన స్టూడెంట్స్. పదిహేను మంది కలిసి వెళ్ళండి. ఖాళీ సెక్షన్‌లో పదిహేను మంది నిలబడి అరిస్తే ప్లేయర్లు తలతిప్పి చూస్తారు, మ్యాచ్ అయ్యాక వాళ్ళే దగ్గరికొచ్చి చెయ్యి కలుపుతారు, జనవరిలో క్లాసులు మొదలయ్యేసరికి మీరు కొత్తవాళ్ళు కారు. సెలవుల్లో క్యాంపస్ బోసిపోయి దిగులుగా ఉండేవాళ్ళకి వారానికి రెండు సాయంత్రాలు పని దొరుకుతుంది, అదొకటి.

హాఫ్ టైమ్‌లో బయటికి పోకండి. ఊళ్ళో పిల్లల టీములు కోర్టు మీదకి వచ్చి ఆడతాయి, మూడో క్లాసు పిల్లలు బంతిని బుట్ట దాకా ఎగరెయ్యలేక పడే పాట్లకి మెయిన్ మ్యాచ్ కంటే ఎక్కువ చప్పట్లు. లేకపోతే హాఫ్ కోర్టు నుంచి షాట్ వేస్తే పిజ్జానో గిఫ్ట్ కార్డో అని స్టూడెంట్స్‌ని పిలుస్తారు, పేరివ్వడానికి మొహమాటపడకండి, మన క్రికెట్ చెయ్యి పనికొస్తుందేమో. ఇక ఫిబ్రవరి చివర్లో ఆఖరి హోమ్ మ్యాచ్ సీనియర్ నైట్, దీన్ని అసలు మిస్ అవ్వొద్దు. కోర్సు అయిపోతున్న ప్లేయర్లని ఒక్కొక్కరినీ పిలుస్తారు, అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని మిడ్ కోర్టుకి నడిచొస్తారు, అమ్మకి పూలు, ఫ్రేమ్ కట్టిన జెర్సీ, ఒక ఫొటో. కొంతమంది నాలుగేళ్ళు బెంచీ మీదే కూర్చున్నవాళ్ళు ఉంటారు, ఆ రోజు కోచ్ వాళ్ళని స్టార్టింగ్ అయిదుగురిలో దింపుతాడు, వాడు మొదటి నిమిషంలో షాట్ వేస్తే చూడాలి గోల. ఎన్‌బీఏలో ఇది దొరకదు, దొరికినా ఇంత దగ్గర్నుంచి దొరకదు.

మీ కాలేజీ పద్ధతులు తెలిశాక వేరే చోట్ల జనాలు ఏం చేస్తారో కూడా చూడండి, వీడియోలు దొరుకుతాయి. ఇండియానాలో టేలర్ యూనివర్సిటీ వాళ్ళది సైలెంట్ నైట్, డిసెంబర్‌లో ఎగ్జామ్స్ ముందు శుక్రవారం పైజమాలు, పిచ్చి వేషాలు వేసుకుని వచ్చి, మన టీమ్ పదో పాయింట్ కొట్టేదాకా హాలంతా కిక్కురుమనకుండా కూర్చుంటారు, షూస్ చప్పుడు, బంతి చప్పుడు తప్ప ఏమీ ఉండదు, పదో పాయింట్ పడగానే అందరూ కోర్టు మీదకే ఉరుకుతారు. ఆర్కన్సాలో జాన్ బ్రౌన్ యూనివర్సిటీలో సీజన్ మొదటి హోమ్ మ్యాచ్‌లో తొలి బాస్కెట్ పడగానే వందల టాయిలెట్ పేపర్ రోల్స్ విసిరేసేవాళ్ళు, కోర్టు తెల్లగా అయిపోయేది, రెఫరీ టెక్నికల్ ఫౌల్ ఇచ్చేవాడు, ఎదుటివాడికి ఫ్రీ త్రో, అయినా ఎవరికీ బాధ ఉండేది కాదు. మిషిగన్‌లో హోప్, కాల్విన్ అనే రెండు కాలేజీలు, డచ్ క్రిస్టియన్ మూలాలున్నవి, ఊళ్ళు ముప్పై మైళ్ళ దూరం, 200 సార్లకి పైగా ఆడారు, 1997 జనవరిలో వాళ్ళ మ్యాచ్ గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పెద్ద అరీనాలో పెడితే 11,442 మంది వచ్చారు, స్కాలర్‌షిప్పే లేని డివిజన్ త్రీ మ్యాచ్‌కి! అయోవాలో గ్రిన్నెల్ కాలేజీ ఆట అయితే వేరే లోకం, అయిదుగురినీ ఒకేసారి మార్చేస్తూ, దూరం నుంచి త్రీ పాయింటర్లే వేస్తూ పరిగెడతారు, 2012 నవంబర్ 20న జాక్ టేలర్ అనే అబ్బాయి ఒక్కడే 138 పాయింట్లు కొట్టాడు, స్కోరు 179-104. అది ఆటా సర్కసా అని వాదించుకోవచ్చు, ఒకసారి చూడటానికి బావుంటుంది, రోజూ అయితే నా వల్ల కాదు.

హాలుకి వెళ్ళలేని రోజు ఎలా ఫాలో అవ్వాలి. మ్యాచ్‌లకి కాలేజీ సైట్‌లో లైవ్ స్టాట్స్ (ఎప్పటికప్పుడు మారే స్కోరు, అంకెలు) లింకు ఉంటుంది, వీడియో స్ట్రీమ్ కంటే అదే ముందు వస్తుంది ఒక్కోసారి, కాబట్టి స్ట్రీమ్ చూస్తూ స్టాట్స్ తెరిచిపెట్టుకోకండి, సస్పెన్స్ పోతుంది. లోకల్ రేడియో కూడా ఉంటుంది, వంట చేసుకుంటూ వినడానికి అదే హాయి. మ్యాచ్ అయ్యాక బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) చూడటం అలవాటు చేసుకోండి, పాయింట్లు కాదు ముందు చూడాల్సింది, టర్నోవర్లు (షాట్ వెయ్యకుండానే బంతి పోగొట్టుకున్నవి), ఫ్రీ త్రోలు ఎన్ని వేశారు, బెంచీ నుంచి ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఈ మూడూ చూస్తే మ్యాచ్ చూడకపోయినా సగం అర్థమైపోతుంది. అటెండెన్స్ అని ఒక అంకె ఉంటుంది, అదీ చూడండి, కొన్నిచోట్ల గుండ్రంగా వేసేస్తారనిపిస్తుంది కానీ సీజన్ మొత్తం పక్కపక్కన పెట్టి చూస్తే జనవరి మొదట్లో ఎలా పడిపోయి ఫిబ్రవరికి ఎలా లేస్తుందో కనపడుతుంది. డివిజన్ త్రీ కావాలనుకునేవాళ్ళకి డీ3హూప్స్ సైట్ ఒక్కటి చాలు.

ఫిబ్రవరిలో రీజినల్ ర్యాంకింగ్స్ మీద కన్నేసి ఉంచండి, నేషనల్ పోల్ కంటే ఇదే ముఖ్యం. డివిజన్ టూలో దేశాన్ని ఎనిమిది రీజియన్లుగా చేశారు, మన ఎంఐఏఏ సెంట్రల్ రీజియన్‌లోకి వస్తుంది, డకోటాలు, మిన్నెసోటా వైపు కాన్ఫరెన్స్ ఒకటి, ఆర్కన్సా, ఓక్లహోమా వైపు ఇంకోటి మనతో కలుస్తాయి. రీజియన్‌లో నంబర్ వన్ సీడ్, అంటే టోర్నమెంట్‌కి టాప్ ర్యాంకు, వస్తే మామూలుగా రీజినల్ టోర్నమెంట్ ఆ కాలేజీ జిమ్‌లోనే, అంటే మూడు నాకౌట్ మ్యాచ్‌లు మీ ఇంటి దగ్గర. ఎనిమిది మంది రీజియన్ విన్నర్లు కలిసి ఎలైట్ ఎయిట్. అందుకే ఫిబ్రవరిలో ఎక్కడో కాన్సస్‌లో జరిగే మామూలు మ్యాచ్ ఓడినా ఊరంతా డల్ అవుతుంది. ఈ నాకౌట్లకి టికెట్లు వేరే అమ్ముతారు, స్టూడెంట్ ఫ్రీ అనేది పని చెయ్యకపోవచ్చు, ముందే కొనండి.

ఇక గుండె గట్టి చేసుకోవాల్సిన సంగతి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరిచ్చే జాబితా. ఇప్పుడు చిన్న కాలేజీలో ఎవడైనా బాగా ఆడాడంటే మార్చి చివరికల్లా పెద్ద కాలేజీ వాళ్ళు ఎత్తుకుపోతారు. పూర్వం ట్రెవర్ హడ్గిన్స్ లాంటివాళ్ళు నార్త్‌వెస్ట్‌లోనే మూడు టైటిళ్ళు కొట్టి, రెండుసార్లు డివిజన్ టూ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యి, అక్కణ్ణుంచి నేరుగా ఎన్‌బీఏ టీమ్ హ్యూస్టన్ రాకెట్స్‌కి వెళ్ళారు. 2024 లో మెక్‌కాలమ్ డ్రేక్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్తూ నలుగురు ప్లేయర్లని వెంట తీసుకెళ్ళాడు, అందులో బెన్నెట్ స్టర్ట్స్ ఒకడు, అందరూ డివిజన్ టూ పిల్లలు పెద్దవాళ్ళ ముందు ఏం ఆడతారులే అన్నారు, ఆ సీజన్ 31 గెలిచి నాలుగే ఓడారు, మార్చ్ మ్యాడ్‌నెస్‌లో (డివిజన్ వన్ నేషనల్ టోర్నమెంట్) మిస్సోరి యూనివర్సిటీని 67-57 తో ఇంటికి పంపారు. 2025 లో కోచ్ అయోవాకి వెళ్ళాడు, స్టర్ట్స్ కూడా వెనకాలే. మేరీవిల్‌లో జనం తిట్టుకున్నారా అంటే కొంచెం తిట్టుకున్నారు, టీవీ పెట్టుకుని డ్రేక్ మ్యాచ్‌లూ చూశారు. మీరూ అంతే చెయ్యండి, వెళ్ళిపోయినవాడిని అక్కడ కూడా ఫాలో అవ్వండి, కొత్తగా వచ్చినవాడి పేరు నవంబర్‌లోగా నేర్చుకోండి.

చదువైపోయి డాలస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్నవాళ్ళు స్ట్రీమ్ మీదే ఆధారపడాలి, కాన్ఫరెన్స్‌ని బట్టి డబ్బు కట్టాల్సి రావొచ్చు, సీజన్ పాస్ కొంటే నయమో కాదో లెక్క చూసుకోండి. ఇండియాకి తిరిగి వెళ్ళినవాళ్ళకి ఇంకా మంచి టైమింగ్, మేరీవిల్‌లో సాయంత్రం ఏడున్నర అంటే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున్నే ఏడు, కాఫీ తాగుతూ ఫస్ట్ హాఫ్, క్యాబ్ ఎక్కేలోపు సెకండ్ హాఫ్. విమెన్స్ మ్యాచ్ కూడా కావాలంటే అయిదుకి లేవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం గంట ముందుకి జరుపుతారు, సరిగ్గా రీజినల్స్ టైమ్‌లో, అప్పట్నుంచి ఏడున్నర మ్యాచ్ ఇండియాలో ఆరింటికే మొదలు, ఏడుకి అలారం పెట్టుకున్నవాళ్ళు లేచేసరికి సెకండ్ హాఫ్ మొదలైపోయి ఉంటుంది.